ఫోనుకు పెదవులుండవు

పొద్దున్నే వంటగదిలో రేడియో మోగుతోంది. అమ్మమ్మ దాని పక్కనే నిలబడి, మనవరాలి డబ్బాలో రొట్టె ముక్కలు సర్దుతూ హాయిగా తల ఊపుతోంది. కూతురు తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని పరుగున వచ్చి రేడియో కట్టేసింది.

"ఏంటమ్మా ఇది? స్టేషన్ ఎప్పుడో పోయింది. ఒట్టి గరగర వస్తోంది. దానికే తల ఊపుతున్నావా?"

అమ్మమ్మ కూతురి మొహం వంక చూసి నవ్వేసింది. "పనిలో పడి చూసుకోలేదే."

నిజానికి అందులోంచి పాట వస్తోందో గరగర వస్తోందో ఆవిడకు తెలియదు. ఎర్ర దీపం వెలుగుతోంది కాబట్టి ఏదో ఒకటి మోగుతోందనుకుంది. కూతురు అంతటితో వదిలేసి బడి సంచీ వెతుక్కుంటూ వెళ్లిపోయాక గానీ ఆవిడ మళ్లీ డబ్బా వైపు తిరగలేదు.

ఆవిడ వయసులో ఉన్నప్పటి నుంచీ బట్టల మిల్లులో మగ్గాల మీద పనిచేసింది. ఆ మోతలో చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకే అక్కడి ఆడవాళ్లు గొంతు పక్కన పెట్టి పెదవులతో మాట్లాడుకునేవాళ్లు. అత్తల మీద చాడీలు, ఇంట్లో రుసరుసలు, అన్నీ ఈ చివర నుంచి ఆ చివరకు చప్పుడు లేకుండా చేరిపోయేవి. మేనేజరును ఆయన ఎదుటే తిట్టుకునేవాళ్లు, ఆయన నవ్వుతూ వెళ్లిపోయేవాడు. చెవులు తినేసింది ఆ మోతే. చెవులు పోయిన సంగతి దాచిపెట్టింది ఆ విద్యే. ఎదురుగా మొహం కనపడితే చాలు, ఆవిడకు ఒక్క మాట పొల్లుపోదు.

పోయిన ఏడు కూతురు పట్టుబట్టి చెవి మిషన్ పెట్టించింది. అది కొంత సాయం చేసింది, మిగతా పనంతా కళ్లే చేసుకొచ్చాయి. ఆ సంగతి తెలియని కూతురు, మిషన్ పెట్టాక మా అమ్మ బ్రహ్మాండంగా వింటోందని కనపడినవాళ్లందరికీ చెప్పుకుంది. అల్లుడి దగ్గర మాత్రం ఆవిడ పప్పులు ఉడకవు. ఆయన మీసం పై పెదవిని పూర్తిగా కప్పేసి కింది పెదవి మీద కూడా పెత్తనం చేస్తుంది. ఆయన ఏం మాట్లాడినా మీసం కదులుతుందే తప్ప మాట బయటపడదు. ఆవిడ ముక్తసరిగా నవ్వి ఊరుకుంటుంది. అత్తగారికి తనంటే గిట్టదని పాపం ఆయన అనుకుంటాడు.

అసలు చిక్కు ఫోనుతో వచ్చింది. కూతురు ఫోన్ల దుకాణంలో సూపర్‌వైజరు. ఎవరికి ఏ ఫోను నప్పుతుందో మనిషిని చూసి చెప్పేస్తుందని పేరు. అలాంటి కూతురు ముచ్చటపడి అద్దంలా మెరిసే పలుచని ఫోను తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. దాన్ని చెవి దగ్గర పెడితే చాలు, మిషను కీచుమని, ఆపైన కందిరీగల తుట్టె కదిలినట్టు జుమ్మంటుంది. మిషను తీసేస్తే ఆ గోల ఉండదు, మాటా ఉండదు, గోడవతల ఎవరో గొణుగుతున్నట్టు ఉంటుంది. అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. ఫోను వణకగానే మిషను తీసేసి, గొణుగుడు ఆగినప్పుడల్లా "సరే, సరేనమ్మా" అనేస్తుంది. కూతురు రోజూ అడిగేది తిన్నావా, పడుకున్నావా అనే కదా, సరే అంటే కొంప మునిగేదేముంది?

ఆ ఫోను పనికిరావడం లేదని చెప్పడానికి కూతురి ముచ్చట ఒక అడ్డు. అంతకన్నా పెద్ద అడ్డు భయం. తనకు వినపడదని తెలిస్తే పిచ్చుకను తన చేతికి వదలరు. పిచ్చుక అంటే మనవరాలే. అంత సన్నగా ఉంటుంది, అంత వాగుతుంది. సాయంత్రం బడి గేటు దగ్గర ఆ చిన్న చెయ్యి వచ్చి తన చేతిలో దూరే క్షణం కోసమే ఆవిడ మిగతా రోజంతా నెట్టుకొస్తోంది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి ముసురు పట్టింది. ఫోను ఒకసారి వణికింది. కూతురే. ఆవిడ అలవాటుగా మిషను తీసి, రెండుసార్లు సరే అని పెట్టేసింది. గొణుగుడు ఇవాళ కాస్త పొడుగ్గా ఉందనిపించి మనసు ఎందుకో పీకింది. అడిగితే బయటపడిపోతానని ఊరుకుంది.

రోజూ వెళ్లే వేళకే గొడుగు వేసుకుని బడికి వెళ్లింది. గేటుకు తాళం వేసి ఉంది. లోపల ఒక్క పిల్ల లేదు. నీళ్లు ఎత్తిపోస్తున్న వాచ్‌మన్ ఆవిడను చూసి చీపురు పట్టుకునే వచ్చాడు.

"పిల్లల్ని మధ్యాహ్నమే పంపించేశాం కదమ్మా. పైపు పగిలి గదుల నిండా నీళ్లు. ఇళ్లకు ఫోన్లు కూడా చేశారు."

"మా పిచ్చుకేదయ్యా?"

"మీతోనే వెళ్లిందిగా! అదుగో మా అమ్మమ్మ గొడుగు అంటూ పరిగెత్తింది. నేను చూశాను."

ఎవరిదో గొడుగు. ఎవరి వెంటో వెళ్లిపోయింది పసిపిల్ల, ఈ వానలో, ఆ పెద్ద రోడ్డు మీదికి. కూతురికి ఫోను కలిపింది. "పిచ్చుక లేదే! బడి దగ్గర లేదే!" అని అరిచింది. అవతల నుంచి ఏదో జవాబు వచ్చింది. కీచుమంది, జుమ్మంది. మిషను పీకేసి ఫోను మళ్లీ చెవికి పెట్టుకుంది. గొణుగుడు. అది దొరికిందన్న మాటో లేదన్న మాటో తెలియలేదు. ఏడుపో కోపమో కూడా తెలియలేదు. తన మనవరాలి ప్రాణానికి సంబంధించిన మాట చెవి పక్కనే ఉంది, తనకు అందడం లేదు.

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట ఆవిడ గేటు ఊచల మధ్య నుంచి ఒక పరాయి మనిషికి చెప్పింది. "బాబూ, నాకు ఫోన్లో వినపడదు. మా అమ్మాయి ఏమంటోందో నువ్వు విని చెప్పు."

అతను ఫోను అందుకుని విన్నాడు. ఆవిడ రెప్ప వేయకుండా అతని పెదవులు చూస్తూ నిలబడింది.

"పాప మీ అమ్మాయి దగ్గరే ఉందంట. దుకాణంలో. మిమ్మల్ని ఇంటికెళ్లమంటున్నారు," అన్నాడతను. కూతురు ఇంకా ఏదో అన్నదని అతని మొహమే చెప్పింది. అదేమిటో ఆవిడ అడగలేదు.

ఆ సాయంత్రం పిచ్చుక దుప్పటి కప్పుకుని సోఫాలో ముడుచుకుంది. గొడుగు వెంట పరిగెత్తి, ఆ గొడుగు కింద వేరే మొహం చూసి, ఏడుస్తూ రోడ్డు మధ్యలో నిలబడిపోయిందట. రొట్టెల కొట్టు ఆవిడ చూసి చెయ్యి పట్టుకుని దుకాణానికి చేర్చింది.

"నేను నీకు స్పష్టంగా చెప్పానమ్మా," అంది కూతురు. "త్వరగా వదిలేస్తున్నారు, వెంటనే వెళ్లు అని చెప్పాను. సరే అన్నావు. నిన్ను నమ్మి నేను దుకాణంలో కూర్చున్నాను. దాని మీదికొచ్చిన బస్సు బ్రేకు వేయకపోతే ఏమయ్యేదో తెలుసా నీకు?"

అల్లుడి మీసం రెండు మూడుసార్లు కదిలింది. కూతురు గిర్రున తిరిగి, నీళ్ల గ్లాసు నింపుకుంటూ గోడతో అన్నట్టు అంది. "సోమవారం నుంచి పిచ్చుకను బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే చోటికి పంపిస్తాం. నీతో ఇక వదలనమ్మా. వింటున్నావా?"

అమ్మమ్మ కొంగు సర్దుకుంటూ కూర్చుంది.

"చూశారా, మాట్లాడదు! ఇంత జరిగినా చీమ కుట్టినట్టయినా లేదు!"

దుప్పటిలోంచి పిచ్చుక తల బయటికొచ్చింది. "అటు తిరిగి చెబితే అమ్మమ్మకెలా తెలుస్తుందమ్మా? ఇటు తిరిగి చెప్పు."

"అంటే?"

"అమ్మమ్మకి మన మొహం కనపడాలి కదా. నేనెప్పుడూ ముందుకెళ్లే చెబుతా. నీకు తెలీదా?"

కూతురు గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత వచ్చి తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది. "అమ్మా, ఆ ఫోన్లో నీకు ఎంత వినపడుతుంది?"

"ఏమీ వినపడదే," అంది అమ్మమ్మ. అనేశాక కట్ట తెగింది. కీచు సంగతి, మిషను తీసేసే సంగతి, సరే అనే సంగతి అన్నీ చెప్పుకుని ఏడ్చింది. "చెబితే పిల్లను నాకు వదలరని భయం. చెప్పకుండా పిల్లనే పోగొట్టబోయాను. నువ్వన్న దాంట్లో తప్పులేదు, నన్ను నమ్మకండి."

కూతురు తల పట్టుకుంది. "రోజూ దుకాణంలో ఎంతమందిని అడుగుతానమ్మా! చెవి మిషనుందా, అయితే అది పెట్టుకునే విని చూసుకోండి, ఊరికే కొనకండి అని ఎదురుగా నిలబడి చెబుతాను. నిన్ను మాత్రం అడగలేదు. దీపం కిందే చీకటి." అంతా విన్న అల్లుడు అత్తగారి ఎదురుగా వచ్చి, రెండు వేళ్లతో మీసం పైకెత్తి పట్టుకుని, "నేనేమీ అనలేదు అత్తయ్యా, టీ తాగుతారా అనడిగానంతే," అన్నాడు. పిచ్చుక కిసుక్కుమంది. పెద్దవాళ్లకు నవ్వు రాలేదు. సోమవారం మాట ఇంకా గాలిలోనే ఉంది.

మర్నాడు దుకాణం తెరుస్తూనే కూతురు తల్లిని తీసుకెళ్లి బల్ల ముందు కూర్చోబెట్టింది. మొదట రేడియోతో మొదలుపెట్టింది. మెడలో దండలా వేసుకునే తీగ ఒకటి రేడియోకు తగిలించి, చెవి మిషను మీదున్న చిన్న మీట నొక్కింది. ఆ మీట నొక్కితే చుట్టుపక్కల చప్పుడు మానేసి తీగలో వచ్చేది మాత్రమే మిషను పట్టుకుంటుంది. అమ్మమ్మ చెవిలో ఎవరో వార్తలు చదివారు. ఆవిడ చుట్టూ చూసింది, ఎవరి పెదవులూ కదలడం లేదు.

ఫోన్లు అంత సులువుగా లొంగలేదు. ఒకటి కీచుమంది. ఒకటి జుమ్మంది. ఇంకొకటి బాగానే ఉంది గానీ మాట నూతిలోంచి వచ్చినట్టుంది. ఒక్కో ఫోను పక్కకు వెళుతుంటే అమ్మమ్మ మిగిలినవి లెక్కపెట్టుకుంది. ఏదీ కుదరకపోతే సోమవారం పిచ్చుక ఎవరి చెయ్యో పట్టుకుని వెళ్లిపోతుంది.

ఈసారి కూతురు మిషను మీది చిన్న మీట నొక్కి ఉంచి, పెద్ద మీటలున్న మరో ఫోను ఇచ్చి, "చెవి రంధ్రం దగ్గర కాదమ్మా, మిషను దగ్గర పెట్టు," అని, నాలుగడుగులు వెనక్కి వెళ్లి తన ఫోన్లో మాట్లాడింది. "అమ్మా, వినపడుతోందా? పొద్దున టీలో పంచదార ఎక్కువైంది."

"వినపడుతోంది! పంచదార ఎక్కువైందన్నావు!"

కూతురి మొహం వెలిగిపోయింది. ఆ వెలుగును అమ్మమ్మ చూసింది. ఊరుకుంటే సరిపోతుంది. పిల్ల తనకు దక్కుతుంది. కానీ రోడ్డు మధ్యలో ఏడుస్తూ నిలబడ్డ పిచ్చుక కళ్ల ముందు మెదిలింది.

"నీ మొహం చూసి చెప్పానే," అంది ఆవిడ. "చెవితో విన్నానో లేదో నాకే తెలియదు. నువ్వు బయటికెళ్లి అటు తిరిగి మాట్లాడు. వినపడకపోతే వినపడలేదనే చెబుతాను."

కూతురు ఒక్క క్షణం తల్లిని చూసి, అద్దాల తలుపు తోసుకుని వెళ్లింది. వీధి వైపు తిరిగి నిలబడింది. వీపు, జడ, చెవి దగ్గర ఫోను తప్ప ఏమీ కనపడటం లేదు. అమ్మమ్మ ఫోను మిషనుకు ఆనించి కళ్లు మూసుకుంది. కాసేపు ఏమీ లేదు.

"అమ్మా," అంది ఫోను. చెవిలోనే, దగ్గరగా, కూతురి గొంతు. అందులో ఏడుపు జీర కూడా తెలుస్తోంది. "నిన్న నోటికొచ్చినట్టు అన్నానమ్మా. ఆ చోటు వద్దులే. పిచ్చుకకు నువ్వే కావాలి, నాకూ నువ్వే కావాలి. రేపు సాయంత్రం బడి నుంచి నువ్వే తీసుకురా."

అమ్మమ్మ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. గొంతు సవరించుకుంది.

"రేపు ఆదివారమే పిచ్చిదానా, బడెక్కడిది?"

అద్దాల అవతల కూతురి భుజాలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. వీధి వైపే తిరిగి నవ్వుతోంది, ఏడుస్తోంది. ఆ రెండూ అమ్మమ్మకు వినపడుతున్నాయి.