బెంచీ మీద దస్తీ

రాజమణి ఇరవై రెండేళ్లు హైదరాబాదు సిటీ బస్సులో కండక్టరు. బార్కస్ దగ్గర ఎక్కిన జనాన్ని నయాపూల్లో దింపడం, నయాపూల్లో ఎక్కినవాళ్లను మళ్లీ బార్కస్‌కు చేర్చడం, అదే ఆమె ఉద్యోగం. ఆ బస్సుల్లో ఏ పుస్తకంలోనూ రాయని చట్టం ఒకటుంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ, అంటే చేతిరుమాలు, సీటు మీద వేస్తే చాలు, ఆ సీటు వేసినవాళ్లదే. దస్తీ తిరిగి చేతికొచ్చిందంటే, ఆ సీటు ఇంకొకరిదైనట్టే. దాని మీద రోజుకు రెండు లొల్లులైనా రాజమణే తీర్చేది.

"దస్తీ ఉన్నదా, లేదా? ఉంటే లే భాయ్. ముచ్చట ఒడిసింది" అనేది.

ఎవరైనా "అక్కా, జర నా జాగ చూస్కో" అని దిగి వెళ్లినా అంతే. వాళ్లు తిరిగొచ్చేదాకా ఆ సీటును కాపాడేది. ఒకసారి సరే అన్నదంటే ఇక సరే అన్నట్టే.

భర్త సీమోను పోయాడు, ఉద్యోగం అయిపోయింది. సంతోష్‌నగర్‌లో రెండు గదుల ఇల్లు, ఒక్క కూతురు షారోన్ మిగిలారు. సముద్రంలో బతికే జీవాల గురించి చదవాలని షారోన్ రెండేళ్లు పరీక్షలు రాసింది. చివరికి సీటు వచ్చింది, కానీ ఎక్కడో అండమాన్ దీవుల్లో, పోర్టుబ్లెయిర్‌లో. ఆగస్టులో తల్లీకూతుళ్లిద్దరూ వెళ్లారు.

ఆ ఊరు రాజమణికి నచ్చింది. ఎత్తుపల్లాల వీధులు, రేకుల కప్పుల చెక్క ఇళ్లు, ఏ సందు చివర చూసినా సముద్రమే. బజారులో తెలుగు కూడా వినపడింది. ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లది.

విశ్వవిద్యాలయం ఊరి అంచున, సముద్రానికి ఎగువన ఉన్న గుట్ట మీద ఉంది. వాన వెలిసిన సాయంత్రం. తడి ఆకుల వాసన, దానితోపాటు ఎండుచేపల వాసన. ఆఫీసు వరండాలో ఎర్రచెక్క బెంచీ ఒకటి ఉంది. షారోన్ తల్లిని దాని మీద కూర్చోబెట్టింది.

"ఈడనే కూసో మమ్మీ. సర్టిఫికెట్లు చూపించి ఇప్పుడే వస్త."

"పో బిడ్డా. నాకేం ఫికర్ లేదు."

రాజమణి చేతి గడియారం చూసుకుంది. ఐదు. ఇంకా బోలెడు పొద్దుంది అనుకుంది. ఆమె పొరపాటు అక్కడే. దేశమంతటికీ గడియారం ఒక్కటే, కానీ తూర్పున ఉన్నవాళ్లకు సూర్యుడు ముందే పొడుస్తాడు, ముందే కుంకుతాడు. హైదరాబాదులో ఐదున్నరకు పిల్లలు ఇంకా ఎండలో ఆడుతుంటే, ఆ దీవిలో దీపాలు పెట్టేస్తారు.

ఐదున్నరకు చెట్ల కింద నీడ ముదిరింది. ఐదూ ముప్పావుకు చెట్లే కనపడలేదు. కరెంటు పోయింది. కప్పలు ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టి, ఒక్కసారిగా ఆపేశాయి.

అప్పుడు తెలిసింది, బెంచీకి ఆ చివర ఎవరో ఉన్నారని.

"పిల్లని తీసుకొచ్చావా అమ్మా?" ముసలి గొంతు, మెల్లగా.

"అవునక్కా. లోపల ఉన్నది. మీరు?"

"నా పిల్ల కూడా లోపలికెళ్లింది. కాయితాలు సూపించడానికి."

"ఎప్పుడు పోయింది?"

"అప్పుడీ బిల్డింగు లేదు" అంది.

చెవుడేమో, అడిగింది సరిగా వినలేదేమో అనుకుంది రాజమణి. ఉప్పునీటి వాసన దగ్గరికొచ్చింది. ముసలామె లేచింది. చీర అంచు నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు... టప్... టప్...

"కూసింత నా జాగా సూస్తావా అమ్మా? ఇప్పుడే వచ్చేస్తాను."

ఇరవై రెండేళ్ల అలవాటు. ఆలోచించకుండానే నోరు పలికింది. "సరే అక్కా, పో. నేనున్న గద."

ఆమె ఆఫీసు లోపలికి పోలేదు. మెట్లు దిగి సముద్రం వైపు పోయింది. తడి పాదాల చప్పుడు దూరమై ఆగిపోయింది.

లోపల వెలుతురు కదిలింది. ఫోను లైటు పట్టుకుని షారోన్ బయటికొచ్చింది.

"మమ్మీ!"

"ఈడున్న బిడ్డా" అంది రాజమణి. తన గొంతు తనకే వినపడలేదు. లేవబోయింది. మోకాళ్లు లేవలేదు. నొప్పి కాదు... కాళ్లు తనవి కానట్టు.

లైటు బెంచీ మీద పడింది. నేరుగా ఆమె ముఖం మీద పడింది. షారోన్ కళ్లు ఆమెను దాటి వెనక గోడను చూశాయి.

"భయ్యా, మేరీ మమ్మీ యహా బైఠీ థీ... దేఖే క్యా?" తల్లిని చూశాడా అని వెనకే వచ్చిన వాచ్‌మన్‌ను అడిగింది.

"కోయీ నహీ థా" అన్నాడు అతను, ఎవరూ లేరని.

షారోన్ కేకేసింది. "మమ్మీ... మమ్మీ..." వరండా ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతోంది. ఒకసారి ఆమె చున్నీ రాజమణి చేతికి తగిలింది. అయినా తెలియలేదు. తిరిగి తిరిగి, చివరికి గేటు వైపు నడిచింది.

పోతే ఇక రాదు.

రాజమణి వేళ్లు మాత్రం కదిలాయి. నడుము దగ్గర దోపుకున్న దస్తీ తగిలింది. తెల్ల దస్తీ, మూలన ఎర్రదారంతో తన బ్యాడ్జి నంబరు కుట్టుకున్నది, 4417. దాన్ని తీసి బెంచీ మీద పరిచింది.

"దస్తీ వేసిన... జాగ నాదే... మళ్ల వస్త" అని గొణిగింది.

కాళ్లలోకి ప్రాణం వచ్చింది. పరుగెత్తింది.

"ఏడికి పోయినవ్ మమ్మీ! ఎన్నిసార్లు పిలిచిన! గుండె ఆగినంత పనైంది!" అని షారోన్ తల్లి మీద పడి ఏడ్చింది.

రాజమణి వెనక్కి తిరిగి చూసింది. చీకట్లో తెల్లగా దస్తీ. తెచ్చుకునే ధైర్యం లేకపోయింది.

కూతురికి నిజం చెప్పలేదు. చెబితే పిల్ల భయపడుతుంది, రెండేళ్ల కష్టం వదిలి వచ్చేస్తుంది. లేదా, అమ్మకు మతి తప్పిందనుకుని తనకోసం వచ్చేస్తుంది. ఎలా వచ్చినా చదువు పోతుంది. అందుకే బయల్దేరేముందు ఒక్కటే అంది.

"ఆ బెంచీ మీద మాత్రం కూసోకు. మస్తు ఎర్రచీమలున్నయ్."

"చీమలకే భయపడితే సముద్రంల ఎట్ల దిగుత మమ్మీ" అని నవ్వింది షారోన్.

సంతోష్‌నగర్ ఇంట్లో ఒక్క కంచం, ఒక్క గ్లాసు. సాయంత్రం అయిదైతే రాజమణికి గోడలు దగ్గరికి జరిగినట్టుండేది. బస్సెక్కి నయాపూల్ దాకా ఊరికే పోయి వచ్చేది, జనం లొల్లి చెవిన పడితే చాలని. ఖాళీ సీటు మీద దస్తీ కనపడితే మాత్రం తర్వాతి స్టాపులోనే దిగిపోయేది.

డిసెంబరు వచ్చింది. ఒకరోజు ఐదూ పదికి డాబా మీద బట్టలు తీస్తోంది. ఎండ ఇంకా గోడ మీద పచ్చగా ఉంది. ఫోను మోగింది. షారోన్.

"మమ్మీ! గిట్ల చెప్పకుండ వచ్చుడేంది?"

"ఏడికొచ్చిన బిడ్డా?"

"నాటకాలు బంద్ చెయ్. చీకట్ల ఒక్కదానివే బెంచీ మీద కూసున్నవ్, పిలిస్తే పలుకుతలేవు. మొత్తం తడిసినవ్ గద... చలి పెడ్తలేదా?"

రాజమణి చేతిలోని బట్టలు జారిపోయాయి.

"షారోన్, దగ్గరికి పోకు. నేను ఇంట్లనే ఉన్న. అది నేను కాదు..."

"హలో? హలో? ఏం వినొస్తలేదు. ఆగు, నీ దగ్గరికే వస్తున్న."

ఫోను కట్ కాలేదు. షారోన్ అడుగుల చప్పుడు. వరండా మెట్లు. సముద్రం హోరు. తర్వాత... టప్... టప్...

ఒక గొంతు. ఇరవై రెండేళ్లు బస్సుల్లో అరిచి అరిచి గరుకెక్కిన గొంతు. రాజమణి గొంతే.

"బిడ్డా, జర నా జాగ చూస్కో. ఇప్పుడే వస్త."

"వద్దను! వద్దను బిడ్డా!" డాబా మీద రాజమణి అరిచింది. పక్కింటివాళ్లు కిటికీ తెరిచారు.

"సరే మమ్మీ, పో" అంది షారోన్, ఫోనులో కాదు, ఎదురుగా ఉన్నవాళ్లతో. "నేనున్న గద."

లైను తెగిపోయింది.

మళ్లీ చేసింది. మోగుతోంది. ఎవరూ తీయడం లేదు. మోగుతూనే ఉంది.

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, బట్టల తాడు పట్టుకుంది. చేతికి చల్లగా తగిలింది. పొద్దుటి నుంచి ఎండలో ఆరిన బట్టల మధ్య ఒక్కటే తడిగా ఉంది. తాను ఉతికింది కాదు. తాను ఆరేసింది కాదు.

తెల్ల దస్తీ. మూలన ఎర్రదారం, 4417. దాని మడతల్లోంచి సన్నటి ఇసుక ఆమె పాదాల మీద రాలుతోంది.