మెట్ల కింద మిగిలిపోయిన విలన్

ఐసు ఫ్యాక్టరీ దాటాక వీధి చివర ఒక మేడ ఉంది. చీకటి పడ్డాక ఆ మేడ ముందు నుంచి ఎవరూ పోరు. తప్పక పోవాల్సి వస్తే అవతలి గోడకి రాసుకుంటూ, చెప్పులు చేత్తో పట్టుకుని పోతారు.

ఎందుకంటే... లోపల మెట్ల దగ్గర నుంచి ఎవరో అడుగుతారట.

"అయిపోయిందా?"

అంతే. కేకలు లేవు, ఏడుపు లేదు, గజ్జెల చప్పుడు లేదు. మర్యాదగా, కాస్త అలిసిపోయిన గొంతుతో — "అయిపోయిందా?" అని.

ఏమైపోవాలో ఎవరికీ తెలీదు. పాలు పోసేవాడు ఒకడు ధైర్యం చేసి "ఇంకా లేదండీ" అన్నాడట. వారం రోజులు ఒళ్లు తెలీని జ్వరం. ఇస్త్రీ చేసే ఆయన తెలివిగా "ఎప్పుడో అయిపోయింది" అన్నాడట. లోపల నుంచి "మరి నాకు చెప్పరేం?" అని వినబడింది. ఆ ఇస్త్రీ బండి ఇప్పుడు వేరే పేటలో ఉంది.

నేను దెయ్యాల్ని నమ్మను. వాటి గురించి చెప్పేవాళ్లని అసలు నమ్మను. కానీ ఈ సంగతి చెప్పింది మా అక్క మొగుడు. మా బావ అబద్ధం ఆడడు — ఆడాలంటే కాస్త తెలివి కావాలి. సినిమా కెమెరా దగ్గర అసిస్టెంటు పని ఆయనది. ఎదుటివాడి ముఖం మసక బారకుండా చూసుకోవడమే ఆయన ఉద్యోగం. కాబట్టి ఆయన చూశానన్నాడంటే చూసినట్టే.

మూడేళ్ల కిందట ఆ మేడలో ఒక దెయ్యం సినిమా తీశారు. అప్పుడూ కెమెరా దగ్గర మా బావే. మేడకి చెడ్డపేరు మొదలైంది ఆ తర్వాతే. సినిమా మాత్రం బాగా ఆడింది. అందుకని మొన్న రెండో భాగం మొదలుపెట్టారు, అదే మేడలో.

రెండో భాగమన్న మాటే గానీ మొదటిదానితో దీనికి సంబంధం లేదు. కథ వేరు, మనుషులు వేరు, దెయ్యం వేరు. పేరొక్కటే పాతది, ఆ పేరుకి గిరాకీ ఉంది కనక. డైరెక్టరు ఈ ముక్క కనబడ్డవాడికల్లా చెప్పేవాడు. టీ తెచ్చినవాణ్ని కూడా ఆపి, "ఆ కథకీ ఈ కథకీ ఏ సంబంధమూ లేదు, తెలుసా?" అనేవాడు. వాడు "అలాగే సార్, పంచదార ఎక్కువెయ్యనా?" అనేవాడు.

తమాషా ఏమిటంటే, మొదటి భాగంలో హీరో వేసినాయనే ఇందులో విలన్. విలనంటే ఇక్కడ దెయ్యమే. ఈ మధ్య ఆయన సినిమాలు వరసగా పడుకున్నాయి, అందుకని వచ్చినదానికి ఒప్పుకున్నాడు. జానెడేసి గోళ్లు, మోకాళ్ల దాకా జుట్టు, ముఖానికి బూడిదరంగు పూత. గోళ్లు అంటించడానికే ఒక పూట పట్టేది. అవి పెట్టాక ఆయనకి ముక్కు దురద పుడితే ఇంకో మనిషి గోకాలి. ఫోన్ మోగితే ఆయన చెవి దగ్గర మా బావ పట్టుకుని నిలబడాలి. యూనిట్లో అలవాటు కొద్దీ అందరూ ఆయన్ని హీరో అనే పిలిచేవాళ్లు. పిలవకపోతే ఆయన ఊరుకునేవాడు కాదు.

షూటింగు మొదటి రాత్రి. భోజనాల బండి రాగానే అందరూ పెరట్లోకి పరుగు తీశారు. కెమెరాని ఒంటరిగా వదలకూడదు. ఆ పూట కాపలా వంతు మా బావది.

హాల్లో ఆయన ఒక్కడే. ఒక్క లైటు. పెరట్లోంచి గరిటెల చప్పుడు వినబడుతోంది. ఆయన ప్రాణమంతా అక్కడే ఉంది.

అప్పుడు... మెట్ల దగ్గర నుంచి...

"అయిపోయిందా?"

బావ అది హీరో గొంతనుకున్నాడు. "లేదు సార్, ఇంకా వడ్డిస్తున్నారు," అన్నాడు.

మెట్ల దగ్గర ఎవరో నిట్టూర్చారు.

"వడ్డన సంగతి కాదు... షాటు."

బావ తల తిప్పాడు.

మెట్ల అడుగున ఎవరో వెల్లకిలా పడి ఉన్నారు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద. ఛాతీలో కత్తి, పిడి దాకా. చొక్కా నిండా ఎరుపు, ఎండిపోయి అట్ట కట్టి ఉంది. కళ్లు మాత్రం తెరిచి ఉన్నాయి. అవి బావనే చూస్తున్నాయి.

ఆ ముఖం బావకి తెలుసు. మొదటి భాగంలో విలన్! హీరో పొడిస్తే ఇదే మెట్ల మీంచి దొర్లుకుంటూ వచ్చి చచ్చిపోయినాయన.

"అన్నా... మీరా?"

"నేనే తమ్ముడూ. మెల్లగా మాట్లాడు. నేను శవాన్ని."

"ఇక్కడేంటన్నా? లేవండి."

"ఎలా లేస్తాను? నా స్మైలు తీయలేదు కదా..."

సినిమా వాళ్లలో ఒక పట్టింపు ఉంది. చచ్చిపోయే సీను చేసినవాడు, లేచే ముందు కెమెరా వైపు చూసి ఒక్కసారి నవ్వాలి. చంపినవాడు చెయ్యి ఇచ్చి లేపాలి. అప్పుడే ఆ చావు సినిమాలో ఉండిపోతుంది, మనిషి ఇంటికి పోతాడు. దీన్ని నమ్మనని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. మానేసే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఆ రోజు ఏం జరిగిందో బావకి గుర్తొచ్చింది. డైరెక్టరు "కట్" అన్నాడో లేదో, గేటు దగ్గర భోజనాల బండి హారన్ మోగింది. యూనిటంతా ఒక్క ఉరుకు. అందరికంటే ముందు హీరో. తినొచ్చి సామాను సర్దేశారు. నవ్వు సంగతి ఎవరికీ తట్టలేదు.

"అప్పట్నించీ ఇక్కడేనా అన్నా?"

"ఇంకెక్కడికి పోతాను? ఇంటికి పోతే మా ఆవిడ గుమ్మంలోనే అడుగుతుంది — నవ్వారా, నవ్వకుండా వచ్చారా అని. ఆవిడకి ఈ పట్టింపు మరీ ఎక్కువ. నవ్వకుండా ఇంట్లో అడుగు పెడితే ఇంకేమైనా ఉందా..." ఆయన గొంతు సన్నబడింది. "ఇంటి మీద బెంగగా ఉంది తమ్ముడూ. ఒక్క నవ్వు తీసి పుణ్యం కట్టుకో. పోతాను."

బావ ఆయన చెయ్యి ముట్టుకున్నాడు. ఐసు గడ్డలా ఉంది. ఇన్నాళ్లు గచ్చు మీద పడుకుంటే చల్లగా ఉండక ఏమవుతుంది, అనుకున్నాడట. అదీ మా బావ!

పెరట్లోకి పోయి డైరెక్టరు చెవిలో సంగతి ఊదాడు.

డైరెక్టరు నోట్లో ముద్ద మింగి, "ఆ కథకీ ఈ కథకీ ఏ సంబంధమూ లేదు," అన్నాడు.

"కథకి లేదు సార్. మనిషికి ఉంది. ఇంటికి పోవాలంటున్నాడు."

పక్కనే హీరోకి మేకప్ మనిషి చెంచాతో తినిపిస్తున్నాడు. "మొదటి భాగం విలనా? వాణ్ని నేను చంపేశాగా!" అని హీరో లేచాడు. "పదండి, చూద్దాం."

అందరూ లోపలికి కదిలారు. ముందు హీరో — ఎంతైనా హీరో కదా. గుమ్మంలో లైటుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ జుట్టు, ఆ గోళ్లు, ఆ బూడిద ముఖం...

నేల మీద శవం తల ఎత్తి చూసింది.

"అమ్మో! దెయ్యం!" అని కెవ్వున అరిచింది.

"అమ్మో! శవం!" అని హీరో ఎగిరి కెమెరా పెట్టె మీదికి ఎక్కాడు.

ఒకళ్లని చూసి ఒకళ్లు అరుస్తున్నారు. ఎవర్ని చూసి భయపడాలో తెలీక యూనిటంతా గుమ్మంలో ఇరుక్కుపోయింది. డైరెక్టరు మాత్రం "ఈ అరుపులు ఎవరైనా రికార్డు చేశారా?" అని అడిగాడట.

అరిచి అరిచి ఇద్దరికీ గొంతు పోయాక, బావ మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు. ఒక్క నవ్వు. ఒక్క చెయ్యి. ఆయన ఇంటికి పోతాడు.

"నాకేం సంబంధం?" అన్నాడు హీరో, పెట్టె మీద నుంచే. "అప్పుడు నేను హీరోని. ఇప్పుడు విలన్ని. ఒక విలన్ పోయి ఇంకో విలన్ని లేపుతాడా? చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"నిజమే," అన్నాడు డైరెక్టరు. "నా కథలో ఈయన పాత్రే లేదు. లేని పాత్రకి నవ్వెలా తీస్తాం?"

శవం ఓపిగ్గా విన్నది.

"కథ వేరే అయితే అయింది బాబూ... మెట్లు అవే కదా."

అందరూ ఒకసారి మెట్ల వైపు చూశారు.

"కత్తి దించేటప్పుడు నా చెవిలో ఒక మాట అడిగారు మీరు. 'అన్నా, దెబ్బ తగిలిందా?' అని." శవం హీరో వైపు చూసింది. "ఇన్ని సినిమాల్లో ఇంతమంది నన్ను చంపారు. ఆ మాట అడిగింది మీరొక్కరే. అందుకని... వస్తారులే, చెయ్యి ఇస్తారులే అనుకుంటూ పడున్నాను."

హీరో పెట్టె మీద అలాగే చతికిలబడ్డాడు. చాలాసేపు తన గోళ్ల వైపు చూసుకున్నాడు. తర్వాత కుడిచేతి బొటనవేలు నోట్లో పెట్టుకుని పళ్లతో ఆ గోరు పీకి, తుపుక్కున ఊశాడు. తర్వాత ఇంకోటి. "అయ్యయ్యో, పొద్దుట్నుంచీ అంటించాను సార్!" అని మేకప్ మనిషి నెత్తి కొట్టుకున్నాడు. హీరో వినిపించుకోలేదు. ఆ చెయ్యి ఖాళీ అయ్యాక కిందికి దిగి వచ్చాడు.

"తీయండి," అన్నాడు.

బావ కెమెరా తిప్పాడు. డైరెక్టరు గొంతు సవరించుకుని "యాక్షన్" అన్నాడు.

విలన్ కెమెరా వైపు చూశాడు. నోరు తెరిచాడు.

"హహ్హహ్హహ్హా!"

కిటికీ అద్దాలు అదిరాయి. పెరట్లో ఎవరో గరిటె జారవిడిచారు.

"అది కాదండీ. మామూలుగా నవ్వండి."

"మామూలుగానా...?"

మళ్లీ ప్రయత్నించాడు. పళ్లు బయటికి వచ్చాయి గానీ నవ్వు రాలేదు. ఇంకోసారి. ఈసారి ఏడుపు ముఖం వచ్చింది. బతుకంతా విలన్ నవ్వే నవ్విన మనిషి, మామూలు నవ్వు ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు. "రావడం లేదు బాబూ... ఇంక నేను పోలేనేమో," అన్నాడు. కెమెరాలో ముఖం మసకబారితే బావ అద్దం తుడిచాడట. మసకబారింది తన కళ్లని తర్వాత తెలిసింది.

హీరో ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అలా అనకన్నా. వదిన ఎదురు చూస్తుంటుంది," అంటూ ముందుకి వంగాడు.

ఆ వంగడంలో దెయ్యం జుట్టు జారింది. దానికి అతుక్కుని, కింద ఉన్న సొంత జుట్టూ జారింది. రెండూ కలిసి విలన్ కడుపు మీద పడ్డాయి.

లైటు వెలుగులో హీరో బట్టతల... తళతళలాడుతోంది.

ఆ జుట్టు సొంతం కాదని ఇన్నేళ్లలో ఎవరికీ తెలీదు. హీరో చెయ్యి జుట్టు కోసం సగం దాకా వెళ్లి... ఆగిపోయింది. ఆయన విలన్ ముఖంలోకి చూస్తున్నాడు.

అక్కడ పెదవి ఒక పక్క కదిలింది. తర్వాత రెండో పక్క. ఆ తర్వాత ముఖమంతా విచ్చుకుంది — చప్పుడు లేకుండా, మామూలుగా, ఇంట్లో మనిషి నవ్వినట్టు.

హీరో కదల్లేదు. డైరెక్టరు "కట్" అనేదాకా బట్టతలతోనే, కెమెరా ముందు, అలా కూర్చున్నాడు. ఆయన చేసిన సినిమాలన్నిట్లో నాకు ఇదే నచ్చింది.

"లేవండన్నా," అని చెయ్యి ఇచ్చాడు. విలన్ లేచాడు. ఛాతీలో కత్తి తీసి "ఇది కంపెనీది" అని డైరెక్టరు చేతిలో పెట్టాడు.

ఇంటి దగ్గర దింపే పని బావ మీద పడింది. స్కూటర్ మీద బయల్దేరారు. వెనక మనిషి ఉన్న బరువే తెలీడం లేదు. తిండి లేక చిక్కిపోయాడు పాపం, అనుకున్నాడు బావ. దారంతా విలన్ నవ్వు సాధన చేస్తూనే ఉన్నాడు. "తమ్ముడూ, ఇలాగేనా? ఇలాగేనా?" అని.

మందుల కొట్టు పక్క సందులో, రెండో ఇల్లు. లోపల లైటు వెలుగుతోంది.

"నువ్వు ముందు పోయి చెప్పు," అన్నాడు విలన్ గుసగుసగా. "నేను చెబితే ఆవిడ నమ్మదు."

బావ గేటు తీసి, లోపలికి వచ్చి, గేటు వేసి, తలుపు కొట్టాడు. ఒక పెద్దావిడ తీసింది.

"వదినా, నేను సినిమాలో కెమెరా అసిస్టెంటుని. అన్న స్మైలు తీసేశాం. బాగా వచ్చింది. ఇంక లోపలికి రానివ్వండి."

"ఏ అన్న?"

"మీ ఆయన, వదినా."

ఆవిడ బావని ఎగాదిగా చూసి, తలుపు పూర్తిగా తెరిచింది. "ఆయన ఇంట్లోనే ఉన్నారుగా..."

ఉన్నాడు. బనీను వేసుకుని, కుర్చీలో, టీవీ ముందు. అదే ముఖం. టీవీలో జనం పడీపడీ నవ్వుతున్నారు. ఆయన గోడని చూస్తున్నట్టు చూస్తున్నాడు.

ఆవిడ గొంతు తగ్గించింది. "ఆ సినిమా చివరి రోజు నడుచుకుంటూ వచ్చేశారు తమ్ముడూ. నవ్వారా అని అడిగితే, గుర్తు లేదన్నారు. అప్పట్నించీ ఒక్కసారి నవ్వలేదు. వేషాలన్నీ పోయాయి, నవ్వని విలన్ ఎవరికి కావాలి? మనవరాలు చక్కిలిగింతలు పెట్టినా ఇంతే. తింటారు, మాట్లాడతారు... కానీ సగం మనిషే ఇంటికొచ్చినట్టు ఉంటుంది."

బావ మెల్లగా వెనక్కి తిరిగాడు.

స్కూటర్ ఉంది. దాని మీద ఎవరూ లేరు. తను వేసి వచ్చిన గేటు... బార్లా తెరిచి ఉంది.

ఆయన భుజం పక్క నుంచి చల్లగా ఏదో దూరి లోపలికి పోయింది. గుమ్మం తెర ఊగింది.

కుర్చీలో మనిషి ఉలిక్కిపడ్డాడు. చుట్టూ చూశాడు. భార్యని చూశాడు. చూసి... చిన్నగా, మామూలుగా, నవ్వాడు.

"నవ్వారు! చూశావా తమ్ముడూ, నవ్వారు!" ఆవిడ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. బావ కూడా ఏడ్చాడు.

ఆ నవ్వు కాస్త పెద్దదైంది. ఇంకాస్త పెద్దదైంది. దానికి చప్పుడు వచ్చింది.

"హ... హహ్హ... హహ్హహ్హహ్హా!"

అలమారలో గిన్నెలు కదిలాయి. పక్కింట్లో ఎవరో లైటు వేశారు. ఎక్కడో కుక్క మొరగబోయి ఆగిపోయింది. ఆయన ఆపడం లేదు. మూడేళ్ల నవ్వూ ఒక్కసారే వస్తోంది.

"మరి నేను వస్తాను వదినా," అని బావ మెట్టు దిగబోయాడు.

ఆవిడ కళ్లు కూడా తుడుచుకోకుండా ఆయన చొక్కా పట్టుకుంది.

"కాసేపు ఉండి పో తమ్ముడూ..." గుసగుసగా అంది. "ఈ నవ్వు కోసం ఇన్నాళ్లు ఎంత ఏడ్చానో నాకే తెలుసు. కానీ ఇప్పుడు ఒక్కదాన్నే లోపలికి పోవాలంటే... భయమేస్తోంది."