చివర తినేదెవరు?

సైన్సులో సీటు రానివాళ్లు, కామర్సంటే జడుసుకున్నవాళ్లు, ఏ గ్రూపైతేనేం ఇంట్లో తిట్లు తప్పితే చాలనుకున్నవాళ్లు. ఆ ఏడు పన్నెండో తరగతి సోషియాలజీలో పోగైన సరుకంతా ఇదే. ల్యాబు పక్కన విరిగిన బెంచీలు పడేసే గదిని వాళ్లకిచ్చారు. బెంచీలు తియ్యలేదు, పిల్లల్ని చేర్చారు, అంతే.

అందులో ఒక కుర్రాడు లెక్కలు రాక ఇటొచ్చాడు. చుట్టాలడిగితే మాత్రం సమాజాన్ని అర్థం చేసుకుందామని చేరానని చెప్పేవాడు. చుట్టాలు జాలిగా తలూపేవారు. మేడం ప్రశ్న వెయ్యడం ఆలస్యం, లేచి నిలబడి, జుట్టు వెనక్కి తోసుకుని, కుటుంబం మీదా సమానత్వం మీదా గుక్క తిప్పుకోకుండా దంచేవాడు. అలా వాడికి ఉపన్యాసం అనే పేరు స్థిరపడిపోయింది.

ఒకరోజు ఇంటిచాకిరీ మీద దంచాడు. ఆడవాళ్ల పనికి విలువ కట్టని సమాజం సమాజమే కాదని ముగించి, చప్పట్ల కోసం అటూ ఇటూ చూశాడు.

చివరి బెంచీలో దర్జీగారమ్మాయి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. క్లాసంతా ఆ పిల్లని సూది అనేవాళ్లు. సగం వాళ్ల నాన్న పనిని బట్టి, సగం ఆ నోటిని బట్టి.

"మీ ఇంట్లో నీ కంచం ఎవరు కడుగుతారు?" అని అడిగింది.

"నేనే."

"మిగతా అంట్లో?"

"అవీ నేనే. చివర తినేది కూడా నేనే."

నిజానికి వాడు అంట్లు తోమే చోటుకి వెళ్లింది చిన్నప్పుడు, బంతి అటు దొర్లిపోతేనే.

మేడం అదే అదనుగా ప్రాజెక్టు ఇచ్చేసింది. ఒకరింటికి ఒకరు భోజనాల వేళ వెళ్లాలి. ఓ మూల కూర్చుని, ఏ పని ఎవరు చేస్తున్నారో, చివర ఎవరు తింటున్నారో చూడాలి. కలగజేసుకోకూడదు. చూసింది చూసినట్టు క్లాసు ముందు చెప్పాలి. సూదిని ఉపన్యాసం ఇంటికి వేసి, మేడం తీరిగ్గా కళ్లజోడు తుడుచుకుంది.

వాడికి భయమూ వేసింది, సంబరమూ కలిగింది. ఉపన్యాసాలన్నీ మొదటి బెంచీలో నిలబడి ఇచ్చినా, వాడు ఇస్తున్నది చివరి బెంచీకే మరి.

మొదటిరోజు ఆ పిల్ల వంటింటి గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుంది. భోజనాలవుతుండగానే వాడు చొక్కా చేతులు మడిచి కంచాలు పోగేశాడు. గరిటె పట్టుకున్న అమ్మ అలాగే ఉండిపోయింది. బస్సు డ్రైవరైన వాళ్ల నాన్న పేపరు దించి చూసి, మళ్లీ ఎత్తేసుకున్నాడు.

"ఏరా, ఒంట్లో బాగానే ఉందా?" అంది నాయనమ్మ.

"రోజూ చేసేదేగా నాయనమ్మా" అన్నాడు పళ్లు బిగించి. అమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పీచు ఎక్కడుంటుందే?"

"రోజూ ఉండేచోటే" అంది ఆవిడ, కొడుకు పరువు కాపాడుతున్నాననుకుని. ఆ రోజూ ఉండేచోటు కోసం వాడు బియ్యం డబ్బా వెనక కూడా వెతికాడు. సూది నవ్వు ఆపుకుంటూ పెదవి కొరుక్కుంది.

వాళ్లమ్మ తెలివైంది. మర్నాటి నుంచి మాడిన గిన్నెలూ, అటక మీది జాడీలూ ఆ పిల్ల వచ్చే వేళకి వాడి కోసం దాచిపెట్టడం మొదలెట్టింది. "రేపు కూడా వస్తావుగా అమ్మా?" అని ప్రేమగా అడిగేది.

ఒకరోజు వాన పట్టుకుంది. వానలో తడుస్తూ అంట్లు తోమితే హీరోలా కనిపిస్తానని వాడికి తోచి, పెరట్లోకి దిగాడు. సబ్బు కొట్టుకుపోయింది, జిడ్డు మిగిలింది. సూది రూలు తప్పింది. గొడుగు తెచ్చి పట్టింది. వాడి మీద కాదు, గిన్నెల మీద.

"నూనె పోలేదు" అంది. అన్నాక వాడి మొహంలోకి ఓ క్షణం ఎక్కువే చూసింది. ఆ క్షణం పట్టుకుని వాడు వారమంతా బతికాడు.

ప్రాజెక్టు చెప్పాల్సిన రోజు వచ్చింది. సూది లేచింది.

"నేను చూసినన్నాళ్లూ అంట్లు తోమింది అబ్బాయే మేడం. మొదటిరోజు పీచెక్కడుందో మాత్రం తెలీదు." క్లాసు గొల్లుమంది. నవ్వులు ఆగేదాకా ఆగి, మెల్లిగా అంది. "చివర తిన్నది వాళ్లమ్మ. ఈ అబ్బాయి గిన్నెలు తోముతున్నప్పుడు కూడా ఆవిడింకా తినలేదు. పక్కనే నిలబడి ఉంది. అబ్బాయి అది చూడలేదు."

క్లాసంతా వాడి వైపు తిరిగింది.

వరండాలో వాడు అడ్డం వెళ్లాడు. "అంతమందిలో పరువు తీశావు. నీకోసమే కదా చేశాను అదంతా?"

"తెలుసు. అందుకే భయమేసింది." ఆ పిల్ల ఎగతాళి చెయ్యడం లేదు. "నేనంటే నీకిష్టం. సరే. రేపు నేను మీ ఇంటికి కోడలిగా వస్తే, చివర తినేది మీ అమ్మ బదులు నేను. అంతేగా?"

ఉపన్యాసం అలవాటుగా జుట్టు వెనక్కి తోసుకునేలోపే ఆ పిల్ల వెళ్లిపోయింది. ఆ తర్వాత వాడు క్లాసులో లేచి మాట్లాడింది లేదు. వాడి ఉపన్యాసాల్లో హాయిగా కునుకు తీసేవాళ్లకి నిద్ర కరువైంది.

పరీక్షలైపోయాయి. సెలవుల్లో ఓ మధ్యాహ్నం, ఉపన్యాసం వాళ్లమ్మ కుట్టించుకున్న బట్టలు ఇచ్చి రమ్మని సూదిని వాళ్ల నాన్న పంపాడు. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. గుమ్మంలోనే ఆగిపోయింది.

అమ్మ కూర్చుని తింటోంది. నాయనమ్మ, నాన్న పక్కనే కూర్చుని తింటున్నారు. వాడు చెమటలు కక్కుతూ వడ్డిస్తున్నాడు.

"కూర్చుని తింటుంటే మనసొప్పట్లేదురా" అంది అమ్మ.

"అలవాటవుతుంది. కదలకు."

నాయనమ్మ ముందు చూసింది. "రావే తల్లీ. నువ్వు రావడం మానేశావు, వీడు మానలేదు. ఏం మందు పెట్టావో గానీ వీడు కాచే ఉప్పు కషాయం లాంటి చారు తాగలేక చస్తున్నాం."

వాడి చేతిలోంచి గరిటె జారింది. అమ్మ మాత్రం కొడుకునీ, ఆ పిల్లనీ మార్చి మార్చి చూసింది. "తిన్నావా అమ్మా?"

ఆ పిల్ల ఇంట్లో తినే వచ్చింది. "లేదండీ" అంది. వాడు క్లాసులో ఆడిన అబద్ధానికి అది జోడీ.

అందరూ తినడం అయ్యాక అమ్మ లేచి చెయ్యి కడుక్కుంది. పేపరు వెతుక్కుంటున్న మొగుణ్ని మోచేత్తో పొడిచి బయటికి నడిపించింది. నాయనమ్మని కూడా లేపింది. "ఇంక వాళ్లిద్దరే. కలిసి తిననివ్వండి" అంది వెళ్తూ.

అడుగంటిన కూర సగం సగం పంచుకున్నారు. తిన్నాక సూది తన కంచం తను తీసుకుని లేచింది.

"పీచెక్కడుంది?"

"కిటికీ పక్కన, మేకుకి" అన్నాడు వాడు, తలెత్తకుండానే.

వాడిచ్చిన ఉపన్యాసాలన్నిట్లోకీ అదే చిన్నది. ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.