ఈ హాల్లో తొంభై ఒకటి ఎవరిది?

"ఈ మిషన్‌లో నువ్వు చచ్చిపోయినా డిపార్ట్‌మెంట్ నిన్ను గుర్తించదు," అన్నాడు డైరెక్టర్.

"బతికున్నప్పుడు గుర్తించారా సార్?" అన్నాడు తుప్పు.

ఫైల్లో అతని పేరు డేగ. ఇరవై ఆరేళ్ళ సర్వీసుకి పొట్టా షుగరూ తోడయ్యాక ఆ డేగ ఫైల్లోనే ఉండిపోయింది. ఆఫీసంతా తుప్పు అనే పిలుస్తుంది.

డైరెక్టర్ ఓ ఫోటో ముందుకు తోశాడు. చేతి గడియారమంత బ్యాండ్. సూది గుచ్చే పని లేదు, రక్తం చిందే పని లేదు. చర్మంలోకి హై ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాలు పంపుతుంది. రక్తంలో చక్కెరను బట్టి తిరిగొచ్చే తరంగం మారుతుంది. ఆ తేడా చూసి అంకె చెబుతుంది. దాన్ని తయారుచేసిన ఇంజనీరమ్మ పదకొండింటికి తన ఒంటిమీదే ప్రదర్శన ఇస్తుంది. బ్యాండ్ చేతికి, ఇన్సులిన్ పంపు నడుముకి. బ్యాండ్ ఎంత చెబితే పంపు దానికి తగ్గ మందు ఎక్కిస్తుంది.

"విదేశీ ముఠా దానిమీద కన్నేసింది. నువ్వు వెయిటర్ వేషం. మన ఏజెంట్ ముత్యం ఆల్రెడీ ముఠాలో దూరింది, అక్కడ యాంకర్‌గా ఉంటుంది. ఆపరేషన్ అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకు. వెయిటర్లు తినరు."

"పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకున్నాను సార్. తినకపోతే..."

"డిసిప్లిన్! ఇదిగో కెమెరా పెన్ను, ఇదిగో చెవిలో రేడియో. ఆ జేబులో ఉబ్బెత్తుగా ఏంటది? షుగర్ చూసే సూది మిషనా? ఏజెంట్ జేబులో ఏంటా దరిద్రం, పారెయ్!"

"మా ఆవిడ పెట్టిందండీ," అన్నాడు తుప్పు. పారెయ్యలేదు. డైరెక్టర్‌కి ఎదురు చెప్పి బతకొచ్చు.

పదింటికి హాలు గుమ్మం దగ్గర ముత్యం ఎదురైంది. మోచేతులు దాటిన పట్టు చేతుల జాకెట్టు, చెవులకి ముత్యాలు. నవ్వితే ముందు వరసలోని ఆఫీసర్లందరూ ఒకేసారి పొట్టలు లోపలికి లాక్కుంటున్నారు.

"వాన పడేలా ఉంది," అంది.

"గొడుగు చిల్లు పడింది," అన్నాడు తుప్పు. ఇంత తెలివితక్కువ కోడ్ పెట్టినవాడికి కిందటేడు మెడల్ ఇచ్చారు.

"అంతా కంట్రోల్లోనే ఉంది. ఫోటోల కోసం బ్యాండ్ నేనే తుడిచి ఇచ్చాను. మీరు టీలు పంచుకోండి అంకుల్."

ఆ అంకుల్ టీ ట్రే ఎత్తుకున్నాడు.

స్టేజీ వెనక గదిలో ఇంజనీరమ్మ ఒక్కతే కూర్చుని గోళ్ళు కొరుకుతోంది. నలభై ఏళ్ళుంటాయి. నడుముకి పంపు. ఎదురుగా లాప్‌టాప్, పెట్టెలో బ్యాండ్.

"పన్నెండేళ్ళుగా రోజూ వేళ్ళు పొడుచుకున్నాను బాబాయ్. ఇవాళ్టితో సరి. నీకూ షుగరేనా? పెట్టుకుని చూడు."

బ్యాండ్ తొడిగింది. అంకె పడింది. 386.

"బాబోయ్! కూర్చో, ముందు కూర్చో!"

తుప్పు తన వేళ్ళకేసి చూసుకున్నాడు. వణుకుతున్నాయి. చొక్కా వీపుకి అతుక్కుంది. షుగర్ పెరిగితే అతనికి నోరెండుతుంది. ఇలా వణికేది తగ్గినప్పుడే.

"ఇది తప్పు చెబుతోందమ్మా."

"నా బ్యాండ్ తప్పు చెప్పదు!" అంది ఇంజనీరమ్మ. కన్నబిడ్డ అబద్ధమాడిందంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఇంతలో ముత్యం వచ్చి, అతని చేతినుంచి బ్యాండ్ విప్పుకుని, టైమైందంటూ ఆవిణ్ణి స్టేజీ మీదికి నడిపించుకుపోయింది.

తుప్పు టీ బల్ల చాటున సూది మిషను తీశాడు. వేలు పొడిచాడు. ఐదు సెకన్లు. 58.

తనకి యాభై ఎనిమిదైతే అది మూడొందల ఎనభై ఆరంది. ఆవిడ చేతికి తొడిగితే పంపు ఆ అంకె నమ్ముతుంది. ఆ మందంతా ఒంట్లోకి ఎక్కితే ఇంజనీరమ్మ అందరూ చూస్తుండగా కూలిపోతుంది. ఆవిడ బ్యాండే ఆవిణ్ణి చంపిందంటారు. ఎవరో బ్యాండ్ మార్చేశారు, అసలుది తీరిగ్గా దేశం దాటుతుంది.

టీ బల్లమీది చక్కెర బిళ్ళలు గుప్పెడు నోట్లో కుక్కుకుని పరిగెత్తాడు.

"స్టేజీ ఎక్కకు! కవర్ పోతుంది!" చెవిలో డైరెక్టర్ అరిచాడు. తుప్పు ఆ రేడియో పీకి ఎవరిదో టీకప్పులో వేశాడు.

స్టేజీ మీద బ్యాండ్ 390 చూపిస్తోంది. పంపు లెక్కపెడుతోంది. నాలుగు. మూడు. ఆఫీసర్లు చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళకి ఏ అంకెకైనా చప్పట్లే. రెండు. తుప్పు మోకాళ్ళ మీద పడి, పంపు గొట్టాన్ని ఒక్క గుంజు గుంజాడు. మందు చెక్కల మీద చుక్కలు చుక్కలుగా కారింది.

"పిచ్చోడు! లాగెయ్యండి వీణ్ణి!" అరిచింది ముత్యం.

తుప్పు పొడిచిన వేలూ, సూది మిషనూ ఇంజనీరమ్మ ముందు పెట్టాడు. "ఇందాక నాకున్నది ఇదమ్మా."

ఆవిడ 58 చూసింది. వణుకుతున్న ఆ చెయ్యి చూసింది. మొహం పాలిపోయింది. "అయితే ఇది నా బ్యాండ్ కాదు. నాది ఒంటికి తగిలితే చాలు, దానంతటదే కొలిచి లాప్‌టాప్‌కి పంపుతుంది. ఈ హాలు దాటి అందదు." పరిగెత్తి లాప్‌టాప్ తెచ్చింది.

తెరమీద అంకె మెరుస్తోంది. 91.

ఎవరో అసలు బ్యాండ్‌ని ఈ హాల్లోనే ఒంటికి తొడుక్కున్నారు. గేటు దగ్గర సంచులు వెతుకుతారని ఒంటిమీద దాచారు. ఎత్తుకుపోయే వస్తువు ఏం చేస్తుందో కూడా చదవని దొంగలు!

తుప్పు హాలంతా కలయజూశాడు. ముందు వరసలో పొట్టలు, వెనక వరసలో పొట్టలు, గుమ్మం దగ్గర కాపలా పొట్టలు. ఈ గుంపులో ఎవడి రక్తం పిండినా పాకం కారుతుంది.

"ఇంతమందిలో తొంభై ఒకటి వచ్చే ఒళ్ళు ఒక్కటే ఉంది," అని ముత్యం చెయ్యి పట్టుకున్నాడు. పట్టు జాకెట్టు కింద, మోచేతికి పైన, గట్టిగా తగిలింది. ఆమె గింజుకుంది. అతను వదల్లేదు.

కాపలావాళ్ళు ముత్యాన్ని తీసుకెళ్ళాక డైరెక్టర్ తీరిగ్గా వచ్చాడు. "రిపోర్టులో నా ప్లాన్ అని రాస్తాను. ఇంతకీ మనమిచ్చిన వాటిలో ఏది పనికొచ్చింది?"

"మీరు పెట్టిన పస్తు సార్."

ఇంజనీరమ్మ అసలు బ్యాండ్ తెచ్చి, భయంభయంగా అతని చేతికి తొడిగింది. నోట్లో చక్కెర తీపి ఇంకా పోలేదు. అంకె పడింది. 243.

"ఇదైనా నిజం చెబుతోందా బాబాయ్?"

"అసలుదేనమ్మా," అన్నాడు తుప్పు. "అచ్చం మా ఆవిడలాగే తిడుతోంది."