ఎడమచేతి అమ్మ

ఈస్టర్ ముందు శనివారం. పొద్దున్నే సిల్వో తన భార్యకు పాలలో నానబెట్టిన రొట్టె చెంచాతో తినిపిస్తున్నాడు. సగం నోట్లోకి పోతోంది, సగం గడ్డం మీదికి కారుతోంది.

"మింగవే మార్యెటా! దూడకు పాలు పట్టడం ఇంతకంటే తేలిక," అన్నాడు.

పూర్వమైతే ఆ మాటకు చెంచా లాక్కుని నెత్తిన ఒకటి వేసేది. ఇప్పుడు కిటికీ వైపు చూస్తూ ఊరుకుంది.

పక్షవాతం వచ్చి చలికాలం గడిచిపోయింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట కూడా చాలావరకు పోయింది. ఎడమచెయ్యి బాగానే ఉంది, దానితో ఏదో ఒక పని చేయించండి, లేకపోతే మనిషి మంచానికే అంటుకుపోతుంది అన్నాడు డాక్టరు. చెంచా ఇస్తే జార్చేస్తుంది. దువ్వెన ఇస్తే జార్చేస్తుంది. పడిపోయిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, బాగున్న చేత్తో దాన్నే పట్టుకుని కూర్చుంటుంది పిచ్చిది.

ఆ కుడిచెయ్యి అలాంటిలాంటి చెయ్యా మరి! కోల్పా నది ఒడ్డున మా ఊళ్ళల్లో ప్రతి ఆడదీ ఈస్టరుకు గుడ్ల మీద మైనంతో గీతలు గీసి రంగులో ముంచుతుంది. మార్యెటా గీసిన గుడ్డును మాత్రం ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టేవాళ్ళం.

తొమ్మిదింటికల్లా కూతురు తాడెయా లుబ్ల్యానా పట్నం నుంచి దిగింది, చంకలో ఒక పలకలాంటి పొట్లంతో.

"మళ్ళీ ఏం తెచ్చావే?" అన్నాడు సిల్వో.

"అమ్మకు కానుక నాన్నా. నా చిన్నప్పటి మన వంటింటిని బొమ్మ వేశాను. అది చూసైనా అమ్మ చెయ్యి కదుపుతుందేమోనని."

తాడెయా ఆర్టు స్కూల్లో పాఠాలు చెబుతుంది, ప్రింట్లు వేస్తుంది. రాగిరేకు మీద బొమ్మ చెక్కి, సిరా పట్టించి, కాగితం మీద అచ్చు తీస్తుంది. ఈ బొమ్మకు ముప్పై కాపీలే. ఆఖరిది తీశాక రేకు మీద మూల నుంచి మూలకు గాటు పెట్టేస్తారు, ఇక ఎవరూ మరొకటి తీయకుండా. కొన్నవాళ్ళకు అదే హామీ. మొదటి కాపీని అమ్మ కోసం దాచింది.

పొట్లం విప్పి బల్ల మీద నిలబెట్టింది. అదే వంటిల్లు, అదే బల్ల. ఇటువైపు జడలు వేసుకున్న చిన్నపిల్ల వీపు. అటువైపు తల వంచుకున్న అమ్మ. ఒక చేతిలో గుడ్డు, ఒక చేతిలో మైనం కలం. గీత పూర్తికాగానే "తిప్పు" అనేది అమ్మ. ఎదురుగా కూర్చున్న తాడెయా తన గుడ్డును కూడా తిప్పేది. అలాగే నేర్చుకుంది.

సిల్వో ముఖం వెలిగింది. అంతలోనే మాడిపోయింది.

"ఇదెవరే?"

"అదేంటి నాన్నా, అమ్మ కదా!"

"మీ అమ్మ ఎడమచేత్తో ఎప్పుడు గీసిందే?"

తాడెయా చూసింది. బొమ్మలో కలం ఎడమచేతిలో ఉంది. రేకు మీద గీసినది కాగితం మీద అద్దంలోలాగా తిరగబడుతుంది. పిల్లలకు ఆమె మొట్టమొదట చెప్పే పాఠమే అది. కానీ అమ్మను ఆసుపత్రిలో చూసొచ్చిన ఆ వారం తిరగేసిన నమూనా కూడా వేసుకోలేదు. కళ్ళల్లో ఉన్నది ఉన్నట్టు నేరుగా రేకు మీద గీసేసింది, ఏడుస్తూ. ఆ తర్వాత ముప్పైసార్లు అచ్చు తీసినా ఆమె కంటికి ఆనలేదు.

"సరిచెయ్యి," అన్నాడు సిల్వో.

"కుదరదు నాన్నా. గాటు పెట్టేశాను. మిగతావన్నీ కొన్నవాళ్ళ గోడలెక్కేశాయి."

"శభాష్! దేవుడు ఇక్కడ ఆ చెయ్యి తీసేసుకుంటే, నువ్వు ముప్పై ఇళ్ళల్లో తీసేశావు! నీకు జడలు వేసింది ఏ చేత్తోనో, వీపు విమానం మోగించింది ఏ చేత్తోనో, అదన్నా గుర్తు లేదా?"

"చాలు నాన్నా! అన్నీ నువ్వే నోట్లో పెడుతున్నావు. అందుకే అమ్మ చెయ్యెత్తట్లేదు!"

"పెట్టకపోతే తినదే! ఆకలితో మాడుతుంటే చూస్తూ కూర్చోమంటావా?" గొంతు పెంచబోయినవాడు చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. "నా వల్ల కావట్లేదు తల్లీ. ఏం చెయ్యాలో నాకు తెలియట్లేదు."

తండ్రి ఏడవడం తాడెయా ఎప్పుడూ చూడలేదు. ఆమె కూడా ఏడ్చింది. ఏడవడం తప్ప ఆ ఇంట్లో ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

"ఎ...డమ," అని ముద్దగా వినిపించింది.

ఇద్దరూ తిరిగి చూశారు. మార్యెటా బొమ్మ మీదికి వంగి ఉంది. ఒళ్ళో కుడిచెయ్యి ఒంటరిగా పడుంది. ఎడమచేతి వేలు బొమ్మలోని కలం మీద ఉంది.

"అవునమ్మా, తప్పు గీశాను. క్షమించు."

మార్యెటా తల అడ్డంగా ఊపింది. కాగితంలోని చేతిని చూసింది, తన చేతిని చూసుకుంది. తర్వాత ఎడమ అరచేత్తో బల్ల మీద ఒక్క చరుపు చరిచింది.

"గుడ్డు!"

సిల్వో కంగారుగా పొయ్యి మీద మైనం కరిగించాడు. సొరుగులోంచి కలం తీశాడు. అది అందుకున్నాక మార్యెటా ఆగిపోయింది. గుడ్డు పట్టుకోవడానికి రెండో చెయ్యేది? కళ్ళు నిండిపోయాయి.

తాడెయా గబుక్కున ఎదురుగా కూర్చుని గుడ్డు పట్టుకుంది.

కలం జారింది. సిల్వో వంగబోతే తాడెయా కళ్ళతోనే ఆపింది. మార్యెటా తనే వెతుక్కుని అందుకుంది. మళ్ళీ జారింది, మళ్ళీ అందుకుంది. చివరికి గుడ్డు మీద ఒక గీత పడింది, వంకరగా, మధ్యలో మైనం ముద్ద కట్టి.

"తిప్పు," అంది మార్యెటా.

తాడెయా తిప్పింది.

ఆ సాయంత్రం దీవెన కోసం చర్చికి తెచ్చిన ఈస్టరు భోజనం బుట్టలో, పంది తొడ మాంసం పైన, సిల్వో ఆ ఒక్క గుడ్డే పెట్టాడు. పక్కింటావిడ తొంగి చూసి నవ్వింది.

"ఏ పసిపిల్ల గీసిందయ్యా ఇది?"

"మా ఆవిడ," అన్నాడు సిల్వో. ఆ వంకర గీత అందరికీ కనబడేలా గుడ్డును తిప్పి పెట్టాడు.