ఫ్రిజ్‌లో అయిదు చెంచాలు

దీవి విమానాశ్రయం పక్కనున్న లంబాలైన్‌లో తెల్లారి మొదటి విమానం దిగేసరికి సూరయ్య ఇంట్లో రెండో విడత టీ అయిపోవాలి. ఏళ్ళ తరబడి అదే అలవాటు. ఆ రోజు కూడా విమానం ఇంటి కప్పును ఊడబెరుక్కుపోతానన్నంత చప్పుడు చేసుకుంటూ దిగింది. ఆయన భార్య కాసులమ్మ గ్లాసులు కడిగి బోర్లించింది. సూరయ్య వరండాలో పాత పేపరు పరిచి, బనీను గుడ్డ, చిన్న బ్రష్షు, నూనె బుడ్డి వరసగా పెట్టుకుని కూతురి కోసం కూర్చున్నాడు.

సూరయ్య పోలీసు శాఖలో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాడు. అంటే తుపాకులు విప్పి, శుభ్రం చేసి, బాగుచేసే మనిషి. కూతురు జాహ్నవి పోటీల్లో గురి చూసి కాల్చే పాయింట్ టూటూ పిస్తోలు కూడా ఎనిమిదేళ్ళుగా ఆయన చేతిలోనే ఉంది. లైసెన్సు కూతురిది. పిస్తోలు ముట్టుకునే హక్కున్న రిటైనరుగా అందులో తండ్రి పేరూ ఉంది. సముద్రపు గాలికి ఈ ఊళ్ళో గేట్లూ, ఫ్యాను రెక్కలూ, ఆఖరికి డబ్బాలో పెట్టిన సూదులూ తుప్పు పడతాయి. ఆ పిస్తోలుకి మాత్రం పట్టలేదంటే అది తన చలవేనని సూరయ్య చెప్పని మనిషి లంబాలైన్‌లో లేడు.

ముందు రోజే ఢిల్లీ నుంచి వచ్చిన జాహ్నవి గదిలోంచి బయటికొచ్చి ఆ సరంజామా చూసింది. ముఖం కందగడ్డలా అయింది.

“పేపర్ తీసెయ్ నాన్నా. బస్. ఇంక నువ్వు దాన్ని ముట్టుకోవద్దు.”

“అదేటమ్మా? ఇమానంలో వచ్చింది గదా, సెమ్మ తగిలుంటాది. తుడిసి ఇచ్చేస్తాను.”

“తుడిచింది చాలు!” ఫోను తీసి ఆయన ముఖం ముందు పెట్టింది. “చూడు. జట్టు ఎంపిక రోజు, అందరి ముందు, అక్కడి మెకానిక్ భయ్యా విప్పి తీసిన ఫొటో. పిన్ను చుట్టూ తెల్లగా మైనంలా ఏంటిది?”

ఆ పిస్తోలు తూటాకి మందు అడుగు అంచులో ఉంటుంది. లోపలి పిన్ను వెళ్ళి ఆ అంచును గట్టిగా కొట్టాలి. తెల్లటి ముద్దలో ఇరుక్కున్న పిన్ను ఏదో తాకానంటే తాకానన్నట్టు తాకింది. తూటా పేలలేదు. రెండుసార్లు అవకాశమిచ్చారు. మూడోసారి ఇవ్వలేదు. నాలుగేళ్ళుగా జాహ్నవి ఆ ఒక్క రోజు కోసమే ఎండా వానా చూడకుండా రేంజికి తిరిగింది.

సూరయ్య ఫోను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. “తెల్లటిదేదీ నాను పుయ్యలేదమ్మా.”

“నువ్వు కాకపోతే ఎవరు? పెట్టె తాళం చెవులు నీ దగ్గరొకటి, నా దగ్గరొకటి. నీకు కళ్ళు కనబడవు నాన్నా. ఏ బుడ్డీలోది ఏం పూస్తున్నావో నీకే తెలీదు. మైఁ హీ పాగల్ థీ, నాదే పిచ్చి, ముసలాడి చేతికిచ్చాను.”

వంటింటి గుమ్మంలో కాసులమ్మ చేతులు తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది.

కూతురు ఢిల్లీ వెళ్ళే ముందు, డిసెంబరులో ఓ మధ్యాహ్నం సూరయ్య పిస్తోలు విప్పి, తుడిచి, ముక్కలన్నీ పేపరు మీద పెట్టాడు. గ్యాసు బండి వచ్చిందని గేటు దగ్గరికి లేచాడు. అటుగా వచ్చిన కాసులమ్మకి, ఆయన తుడిచేసి పక్కన పెట్టిన లోపలి బోల్టు మీద ఆవగింజంత తుప్పు మచ్చ కనబడింది. ఇంత మచ్చ ఈయనకెలా కనబడలేదు అనుకుంది. కొన్నాళ్ళుగా ఆయన అన్నంలో చేపముల్లు వేలితో తడిమి తీస్తున్న సంగతి గుర్తొచ్చింది. చెబితే మనిషి కుంగిపోతాడు. గబగబా కొంగుతో గీకి, తన కత్తిపీటకి రాసినట్టే కాస్త కొబ్బరినూనె రాసి, పిన్ను తిరిగే కన్నంలో రెండు చుక్కలు వేసి ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్ళిపోయింది. సూరయ్య వచ్చి ముక్కలు బిగించేశాడు.

కానీ తను వేసింది నీళ్ళలాంటి నూనె. ఫొటోలో ఉన్నది తెల్లటి మైనం. కాసులమ్మ ఈ దీవిలోనే పుట్టి పెరిగింది. స్వెట్టరు వేసుకోవలసిన చలి ఆమె ఎన్నడూ ఎరగదు, కొబ్బరినూనె గడ్డకట్టడం కళ్ళతో చూడలేదు. ‘నాది కాదులే’ అనుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ సాయంత్రం సూరయ్య వంటింట్లోకొచ్చి అయిదు చెంచాలు అడిగాడు. తన తుపాకీ నూనె, కుట్టుమిషను నూనె, నువ్వుల నూనె, కొబ్బరినూనె, సన్‌ఫ్లవరు నూనె ఒక్కో చెంచాలో పోసి, పళ్ళెంలో వరసగా పేర్చి ఫ్రిజ్‌లో పెట్టాడు.

“ఏటి మావా ఇది?”

“నా బుడ్డీలో ఏదన్నా కలిసిందేమో. ఢిల్లీలో సలి గదా. ఏది తెల్లబడతాదో సూద్దాం.” గొంతు తగ్గించి అన్నాడు. “అది ముసలాడన్నందుకు కాదే. ఇన్నేళ్ళు సేసిన పని మీద ఉమ్మేసింది. అదీ బాధ.”

పొద్దున్నే పాల కోసం కాసులమ్మ ఫ్రిజ్ తెరిచింది. నాలుగు చెంచాల్లో నూనె నూనెలాగే ఉంది. వరసలో నాలుగో చెంచాలో మాత్రం ఆకుమీద సున్నంలా తెల్లగా గడ్డకట్టి ఉంది. అది ఏ నూనో వాసన చూడాల్సిన పనే లేకపోయింది.

పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. చెబితే కూతురు ఊరుకోదు. ఆ పిల్ల నోటికి అడ్డూ ఆపూ లేదని నిన్ననే చూసింది. పైగా ఎందుకు రాశావంటే, మీ నాన్నకి తుప్పు కనబడలేదు అని చెప్పాలి. ఆయన పరువు కోసమే ఊరుకోవాలి అనుకుంది. తనను తాను అలా నమ్మించుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. ఆ చెంచా వేడినీళ్ళతో కడిగి, సన్‌ఫ్లవరు నూనె పోసి, మళ్ళీ అదే చోట పెట్టింది.

ఏడు గంటలకు సూరయ్య పళ్ళెం బయటికి తీశాడు. జాహ్నవి గోడకానుకుని చూస్తోంది. ఆయన ఒక్కో చెంచా వంచాడు. అన్నీ జారాయి. నాలుగో చెంచా మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుని ఓ క్షణం ఆగాడు.

“ఏదీ కాదు,” అన్నాడు.

“వాహ్, సైంటిస్ట్ సాబ్!” జాహ్నవి చప్పట్లు కొట్టింది. “నూనెల తప్పు లేదు. అంటే నీ తప్పే. మురికి పేరుకుపోయినా కనబడలేదు. ఇంకా ఏం ప్రూఫ్ కావాలి నీకు?”

సూరయ్య చెంచాలు తీసుకెళ్ళి తనే కడుక్కున్నాడు. మధ్యాహ్నం కాసులమ్మ కొసరి కొసరి చేపల పులుసు వేసింది. ఆయన వద్దనలేదు, తిననూ లేదు.

మూడో రోజు జాహ్నవి ఓ కాగితం తెచ్చి తండ్రి ముందు పెట్టింది. “లైసెన్సులో నీ పేరు తీసేస్తున్నాను. కోచ్ సత్యారావు సార్ పేరు పెడతారు. ఇక్కడ సంతకం చెయ్.”

సూరయ్య కలం తీసుకున్నాడు. కాగితం మీదకి వంగి గీత కోసం వెతికాడు. కలం మొన కాగితం మీద అటూ ఇటూ తిరిగి, ఎక్కడో అచ్చయిన అక్షరాల మీద ఆగింది.

“అక్కడ కాదు! దేఖా? సంతకం పెట్టే చోటు కనబడదు గానీ నా పిస్తోలు బాగుచేస్తాడంట. నా జిందగీ నీ కళ్ళ మీద పెట్టి పోగొట్టుకున్నాను.”

కాసులమ్మ ఇంక ఉండలేకపోయింది. “ఓలమ్మా, ఊరుకోయే! ఆయన కాదు. నాను. నానే పోసినాను కొబ్బరినూనె.”

జాహ్నవికి అర్థం కాలేదు. కాసులమ్మ అంతా చెప్పింది. తుప్పు మచ్చ, కొంగు, రెండు చుక్కలు, చెంచా, వేడినీళ్ళు. ఒక్కటీ దాచలేదు. చెబుతున్నంతసేపూ మొగుడి వైపు చూడలేదు.

జాహ్నవి తల్లి ముందుకొచ్చి నిలబడింది. “రెండు రోజులు. రెండు రోజులు నేను నాన్నని నానా మాటలంటుంటే, నువ్వు పక్కన నిలబడి పులుసు వడ్డించావు. నేను కోపంలో అన్నానమ్మా. నువ్వు తెలిసి చేశావు. నువ్వు అసలు అమ్మవేనా?”

“జానూ,” సూరయ్య తలెత్తాడు. “నాకు నిన్న తెల్లారకముందే తెలుసు.”

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

“నిద్రట్టక నాలుగున్నరకి లేచి ఫ్రిజ్ తీసినాను. కొబ్బరినూనె గడ్డకట్టుంది. ఈ ఇంట్లో ప్రతి ఇనపముక్కకీ కొబ్బరినూనె రాసేది ఎవరో నాకు తెలీదేటి? మళ్ళీ మూసేసినాను. పాలకి అదే లేస్తాది, సూస్తాది, వొచ్చి నాతో సెప్తాది అనుకున్నాను.” భార్య వైపు చూశాడు. “సన్‌ఫ్లవరు వాసనకీ కొబ్బరినూనె వాసనకీ తేడా నాకు తెలీదనుకున్నావా కాసులూ? ఏదీ కాదన్నాను. అప్పుడైనా సెప్తావేమోనని. ఇది నన్ను తిడతా ఉంటే నీ ముఖమే సూత్తా కూకున్నాను.”

కాసులమ్మ గోడ వారగా కింద కూర్చుంది. కూతురి తిట్లకి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆయన తిట్టినా బాగుండేదనిపించింది. కొట్టినా బాగుండేదనిపించింది. రెండు రోజులు ఆ మనిషి అన్ని మాటలూ పడుతూ తన నోటి నుంచి ఒక్క మాట కోసం ఎదురు చూశాడు, తను పులుసు కొసరింది.

సూరయ్య అడిగాడు. “తుప్పు ఎక్కడుందే?”

జాహ్నవి పెట్టె తెరిచి, పిస్తోలు ఖాళీగా ఉందని చూసి, బోల్టు విప్పి తండ్రి చేతిలో పెట్టింది. కాసులమ్మ మోకాళ్ళ మీద వచ్చి, ఆయన వేలు పట్టుకుని మచ్చ ఉన్న చోట ఆనించింది. అక్కడ మళ్ళీ ఎర్రగా పట్టడం మొదలైంది. ఆయన ఆ ముక్కను వెలుతురులోకి తిప్పాడు, కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టాడు, దూరంగా పెట్టాడు.

“కనబళ్ళేదు,” అన్నాడు. “ఇప్పుడు కూడా కనబళ్ళేదు.”

బోల్టు కూతురికి తిరిగిచ్చేసి కలం తీసుకున్నాడు. “నువ్వన్నది తప్పు కాదమ్మా. గీత ఎక్కడుందో సూపించు.”

జాహ్నవి కాగితం లాక్కోబోయింది. ఆయన వదల్లేదు. చివరికి ఆ పిల్లే, ఏడుస్తూ, తండ్రి చెయ్యి పట్టుకుని గీత మీదకి తెచ్చింది. సూరయ్య కొక్కిరిబిక్కిరిగా తన పేరు రాశాడు. “నాన్నా, నన్ను క్షమించు నాన్నా. నువ్వు పక్కన కూర్చుని చెప్పు, నేనే తుడుచుకుంటాను,” అంది. ఆయన తలూపాడు.

తరవాత కింద కూర్చున్న భార్య తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా ఉంది.

“ఆ రోజే మచ్చుందని ఒక్క మాట సెప్పుంటే అయిపోను గదే. మిగిలిన రోజులు నీ కళ్ళతో తుడుసుకునేవోణ్ణి.”

కాసులమ్మ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళకద్దుకుంది.