ఆపుమన్న చేయి

గురువారం పొద్దున వెంకటవ్వ చాయ్ గ్లాసుతో కొడుకు దివాకర్ గదిలోకి వచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయే మనిషి ఆ రోజు అక్కడే ఆగిపోయింది.

గది మూలలో నాలుగు డిస్కులున్న నల్లపెట్టె ఉంది. దివాకర్ దాన్ని సర్వర్ అంటాడు. వేములవాడ, గంభీరావుపేట స్టూడియోల వాళ్లు పంపే పెళ్లి వీడియోలు అందులో దాచుకొని, ఇంట్లోనే కూర్చొని ఎడిటింగ్ చేసి ఇస్తాడు. రోజూ తుమ్మెదలా ఝుమ్మనే ఆ పెట్టెలోంచి ఇవాళ ఇంకో చప్పుడు వస్తోంది. టిక్, టిక్. కాసేపాగి, కర్ర్.

ఆమె కొడుకు భుజం తట్టింది. రెండు వేళ్లు కలిపి, పుటుక్కున విడదీసి చూపించింది. ఆ తర్వాత అరచేయి బోర్లించి కిందికి నొక్కింది.

"ఏందవ్వా? ఆ సప్పుడా? ఫ్యాన్ల దుమ్ము చేరింది. దులుపుత తియ్యి."

ఆమె తల అడ్డంగా ఊపి, మళ్లీ అలాగే చేసి చూపింది.

"పనిల ఉన్ననే, జర పో," అని అతను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

వెంకటవ్వకు మాట లేదు. రెండేళ్ల క్రితం గొంతులో క్యాన్సర్ గడ్డ తేలితే హైదరాబాద్ డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. మెడ మీది చిన్న రంధ్రంలోంచి ఊపిరి వస్తుంది, మాట రాదు. అంతకుముందు ముప్పై ఏళ్లు సిరిసిల్ల కార్ఖానాల్లో నూలు కండెలు చుట్టింది. బతుకమ్మకు వాడకంతటికీ ఆమే పాట ఎత్తేది. సాంచాల, అంటే మరమగ్గాల, రొదలో అన్నేళ్లుంటే చాలామందికి చెవులు మందగిస్తాయి. గొంతు తీసుకున్న దేవుడు ఆమెకు చెవుల్ని మాత్రం వదిలిపెట్టాడు.

ఆ పెట్టె సంగతుల్లో ఆమెకు తెలియనిది ఒకటుంది. అందులో ఒక డిస్కు నెల క్రితమే చచ్చిపోయింది. అప్పుడు పెట్టె కీచుమని అరిస్తే, పెళ్లిళ్ల సీజనని దివాకర్ అరుపును ఆపేసి పని చేసుకున్నాడు. ఒకటి పోయినా మిగతా మూడింటితో నడిచే పెట్టె అది. బుధవారం కొత్త డిస్కు తెచ్చి పెట్టాడు. పోయిన దాంట్లో ఉన్నదాన్నంతా మిగిలిన మూడూ కలిసి కొత్త దాంట్లో తిరిగి రాయాలి. అది పూర్తయ్యేదాకా ఆ మూడూ నిక్షేపంగా ఉండాలి. గురువారం నాటి టిక్, టిక్ ఆ మూడింట్లో ఒకదానిది.

శుక్రవారం ఒక పెళ్లికూతురి ఫోటో సగం బూడిదరంగులో తెరుచుకుంది. వెంకటవ్వ వచ్చి రెండు వేళ్లు విడదీసి చూపింది. శనివారం రెండు ఫోల్డర్లు అసలే తెరుచుకోలేదు. ఆమె మళ్లీ వచ్చి అరచేయి కిందికి నొక్కి చూపింది. అతను చూడలేదు. అతని దిగులంతా ఒకే ఒక్క ఫోల్డర్ మీద. దాని పేరు 'అవ్వ'.

పెళ్లి వీడియోల నకళ్లు స్టూడియోల దగ్గర ఉంటాయి. 'అవ్వ'కు నకలు లేదు. ఆపరేషన్‌కు ముందు వారం తల్లిని ఈ గదిలోనే కూర్చోబెట్టి నాలుగు రోజులు ఆమె గొంతు రికార్డు చేశాడు. పాటలు, తిట్లు, తనను పేరుపెట్టి పిలవడం, మొత్తం నలభై ఒక్క ఫైళ్లు. పెట్టెలోకి ఎక్కించి, రికార్డర్ కార్డు తుడిచేశాడు. నాలుగు డిస్కులుండగా ఏమవుతుందనుకున్నాడు. ఆపరేషనయ్యాక ఒకసారి వినిపించబోతే ఆమె లేచి బయటికి వెళ్లిపోయింది. ఇష్టం లేదనుకొని మళ్లీ ఆ మాటెత్తలేదు.

శనివారం సాయంత్రం 'అవ్వ' మీద నొక్కితే, చదవలేకపోతున్నామని తెర మీద ఒక వరుస వచ్చింది.

ఆదివారం దివాకర్ భార్య స్వప్నకు బట్టల ఫ్యాక్టరీ సెలవు. వంటింట్లో పప్పు తాలింపు వేస్తోంది. దివాకర్ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఫైల్ సిస్టమ్‌ను బాగుచేసే ప్రోగ్రాం మొదలుపెట్టాడు. ఇది తీసెయ్యమంటావా, అది తుడిచెయ్యమంటావా అని అది అడిగే ప్రశ్నలన్నిటికీ ఒకేసారి 'సరే' అని చెప్పేశాడు. తెర మీద అంకెలు పరుగెత్తుతున్నాయి. పెట్టెలో టిక్ టిక్ ఇప్పుడు ఆగడం లేదు.

వెంకటవ్వ తడిచేతులతో పరుగెత్తుకొచ్చి తెరకూ కొడుక్కూ మధ్య నిలబడింది. రెండు వేళ్లు. అరచేయి.

"అడ్డం జరుగవ్వా!"

ఆమె అతని ముఖం ముందే మళ్లీ చూపింది. అతను ఆ చేతిని పక్కకు నెట్టాడు. ఆమె ఒక్క క్షణం కొడుకును చూసి, వంగి, పెట్టె ప్లగ్గును గుంజేసింది.

గదిలో చప్పుడన్నదే లేకుండా పోయింది. వంటింట్లో తాలింపు చిటపట వినిపించింది.

"ఏం చేసినవ్ అవ్వా! రిపేరు నడుస్తుంటే నడుమల గుంజుతరా ఎవలన్న? అండ్ల ఏమున్నదో ఎరుకేనా నీకు? నీ గొంతున్నది! నీ పాటలున్నయి! ఇగ ఏం మిగులుతది? నీ గొంతు నువ్వే పిసుక్కున్నవ్!"

వెంకటవ్వ చేయి తనంతట తానే మెడకు చుట్టిన గుడ్డ మీదికి వెళ్లింది.

గరిటెతోనే వచ్చిన స్వప్న గుమ్మంలో ఆగింది. "సాలు ఆపు! మర్లవడి జవాబియ్యలేని మనిషి మీదనా నీ ఒర్రుడు?"

"నీకేం తెల్వది స్వప్నా, నువ్వు ఊకో."

"నాకు డిస్కులు తెల్వయి. అత్తమ్మ చేతులు తెలుసు. కార్ఖానల సాంచాలు నడుస్తుంటే మాట ఇనవడతదా? అందరం చేతులతోనే చెప్పుకుంటం. గిట్లంటే పోగు తెగింది. గిట్లంటే సాంచ ఆపు. తెగినంక గూడ నడిపిస్తే బట్టంత ఖరాబైతది. మా వాడల పోరగాళ్లకు గూడ తెలుసు గీ ముచ్చట."

"నాకెట్ల తెలుస్తది? నన్ను కార్ఖాన గడప తొక్కనిచ్చిందా? జగిత్యాల హాస్టల్ల ఏసి..." అంటూనే దివాకర్ ఆగిపోయాడు. గడప తొక్కనివ్వనిది ఎందుకో అతనికి తెలుసు.

స్వప్న గొంతు తగ్గించింది. "గిది చెప్పుడు ఇయ్యాల్టిదేనా?"

దివాకర్ బల్ల మీది చాయ్ గ్లాసు వైపు చూశాడు. గురువారం, శుక్రవారం, శనివారం. ప్రతి పొద్దునా చాయ్ గ్లాసుతో వచ్చిన చేయి.

కోరుట్లలో కంప్యూటర్ షాపు నడిపే శ్రీహరి అతని హాస్టల్ దోస్తు. ఫోన్లో అంతా విని ఒకటే చెప్పాడు: "మళ్ల ఆన్ చెయ్యకు. డిస్కులు పట్టుకొని రా."

సోమవారం బస్సులో వెంకటవ్వ కూడా బయలుదేరింది. వద్దనే ధైర్యం దివాకర్‌కు లేదు. నాలుగు డిస్కుల్నీ నాలుగు పాత జాకెట్ గుడ్డల్లో విడివిడిగా చుట్టి ఒళ్లో పెట్టుకుంది. రుద్రంగి దాటాక గుంతలొచ్చినప్పుడల్లా రెండు చేతులూ కిందపెట్టి వాటిని పైకెత్తి పట్టుకుంది. పక్కసీటు ఆమె, "ఏందక్కా, గుడ్లా?" అని అడిగింది. వెంకటవ్వ అవునని తలూపింది. దివాకర్ కిటికీ వైపు తిరిగిపోయాడు. క్షమించమనే మాట నోటిదాకా వచ్చి, ఆమెకు లేని గొంతును గుర్తుచేసి అక్కడే ఆగిపోయింది.

షాపులో శ్రీహరి ఒక డిస్కును కరెంటుకు తగిలించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. వెంటనే తీసేశాడు.

"దీని మీద రిపేరు నడిపినవారా? సచ్చేటోన్ని ఉరికిపిస్తరా ఎవలన్న? ముందుగాల దాంట్ల ఉన్నది ఉన్నట్టు వేరేదాంట్లకు ఎత్తుకోవాలె. రిపేరు ఆ నకలు మీద చెయ్యాలె. ఇంకో గంట నడిచుంటే ఉన్నదంత తుడిచిపెట్టుకపోతుండె. ఎట్ల ఆగింది మరి? కరెంటు పోయిందా?"

దివాకర్ తల వంచుకున్నాడు. "అవ్వ ఆపింది. ప్లగ్గు గుంజింది."

శ్రీహరి లేచి స్టూలు జరిపాడు. "కూసో పెద్దవ్వా. వీనికి బీటెక్ సర్టిఫికెట్ ఎవడిచ్చిండో గని, వాపసు తీస్కొని నీకియ్యాలె." తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. "గ్యారంటీ మాత్రం ఇయ్యలేను. ఒక్కసారన్న సక్కగ చదివితే సాలు. మూడు దినాలు టైమియ్యి."

ఆ మూడు రోజులూ ఇంట్లో ఝుమ్మనే చప్పుడు లేదు. ఖాళీ పెట్టె ముందు దివాకర్ ఊరికే కూర్చునేవాడు. ఫోను మోగినప్పుడల్లా స్వప్న వంటింట్లో గిన్నె కిందపెట్టి చెవి ఒగ్గేది. పొద్దున చాయ్ మాత్రం మానకుండా వచ్చింది. అడగకుండా వచ్చే ఆ గ్లాసును అతను రెండు చేతులతో అందుకున్నాడు.

గురువారం శ్రీహరి ఫోన్ చేశాడు. నలభై ఒకటిలో పందొమ్మిది బాగా వచ్చాయి. ఆరింట్లో నడుమ నడుమ ఖాళీలున్నాయి. మిగతావి లేవు.

దివాకర్ వెళ్లి వాటిని మూడు నకళ్లు తీయించాడు. ఒకటి శ్రీహరి దగ్గర, ఒకటి స్వప్న ఫోన్లో, ఒకటి తన దగ్గర. ఇంటికొచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"ఇంటవా అవ్వా? వద్దంటే బంద్ చేస్త."

వెంకటవ్వ గొంతు చూపించి, కళ్లు చూపించి, చేత్తో ఏదో చెప్పింది. స్వప్న మెల్లగా అంది: "అప్పుడు పచ్చి పుండట. ఏడ్పస్తే ఊపిరాడకపోతుండెనట. అందుకే లేచిపోయిందట."

అతను ఫోనులో మీట నొక్కాడు. ముందు కొంచెం గురగుర. తర్వాత, "దివాకరూ, బువ్వ సల్లారుతుంది రా బిడ్డా" అని గదిలో ఆమె గొంతు పలికింది. స్వప్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వెంటనే పాట మొదలైంది. వాడ ఆడోళ్ల కోసం ఆమె సొంతంగా కట్టుకున్న బతుకమ్మ పాట. వెంకటవ్వ చేతులు తమంతట తామే చప్పట్లు వేయసాగాయి.

రెండో చరణం నడుమ పాట తెగిపోయింది. పోయిన చోటు అదే.

చప్పట్లు ఆగలేదు. ఆమె కళ్లు మూసుకొని, తూకం తప్పకుండా కొడుతూనే ఉంది. నాలుగు. అయిదు. దివాకర్ తన అరచేతులు కూడా కలిపాడు. ఎనిమిదో చరుపుకు ఫోనులోంచి ఆమె గొంతు సరిగ్గా ఆ దెబ్బ మీదే వచ్చి కలిసింది.

పాట అయిపోయాక దివాకర్ తల్లి మోకాలి మీద నుదురు ఆనించాడు. "తప్పయిందవ్వా. కార్ఖానల దీన్ని ఎట్ల చెప్తరో నాకు తెల్వదు."

వెంకటవ్వ అతని గడ్డం పట్టి ముఖం పైకెత్తింది. విడిపోయిన రెండు వేళ్లను దగ్గరికి తెచ్చి, ముడి వేసినట్టు మెలిపెట్టింది. తర్వాత అరచేయి పైకి తిప్పి ఊపింది.

ఈసారి స్వప్న చెప్పాల్సిన అవసరం రాలేదు. పోగు అతికింది, నడవనివ్వమని. దివాకర్ కళ్లు తుడుచుకొని రెండో పాట మీద నొక్కాడు.